కోదాడలో కదలని నాలుగు డిగ్రీలు

హైదరాబాదు నుంచి విజయవాడ వైపు బస్సులో వెళ్లిన వాళ్లందరూ సూర్యాపేట చూశామనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఉద్యోగం హైదరాబాదులో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో. ఇంటికి వెళ్లి వచ్చే ప్రతిసారీ బస్సు సూర్యాపేటలో ఏదో ఒక హోటలు ముందు ఆగేది. దిగి టీ తాగి, మళ్లీ ఎక్కి నిద్రపోయేదాన్ని. నాకు తెలిసిన సూర్యాపేట అంటే ఆ హోటలు ముందున్న కంకర, గ్లాసులు కడిగే చప్పుడు, అంతే.

రెండు వేల పదకొండు ఎండాకాలంలో మొదటిసారి అక్కడ సామానుతో దిగాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగి వచ్చాను. వెళ్లిన పని చెడిపోయింది. ఇది ముందే చెప్పేస్తున్నాను, చివర్లో ఏదో మంచి జరుగుతుందని ఎవరూ ఆశపడకుండా.

పని ఇదీ. ఒక చిన్న డెయిరీకి ఈ మూడు ఊళ్లలో మూడు పాలకేంద్రాలున్నాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పాలను పెద్ద స్టీలు ట్యాంకుల్లో నాలుగు డిగ్రీలకు చల్లబరిచి, సాయంత్రం ట్యాంకర్ లారీలో హైదరాబాదులోని పెద్ద కంపెనీకి పంపుతారు. ఆ ఎండాకాలం మొదట్లో ఒకటి రెండుసార్లు పాలు విరిగాయి. పెద్ద కంపెనీకి కోపం వచ్చింది. "మా ఆఫీసులో కూర్చుని మీ మూడు ట్యాంకుల చల్లదనం ఎప్పటికప్పుడు మేమే చూసుకోగలిగితే పాలు కొంటాం, లేకపోతే వచ్చే వారం నుంచి లారీ రాదు" అని తేల్చేసింది. అది చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టి రమ్మని మా ఆఫీసు నన్ను పంపింది.

ఆ సాఫ్ట్‌వేర్ ఉండేది ఒక్కచోటే, సూర్యాపేటలో పెట్టే సర్వర్‌లో. మూడు ట్యాంకుల లెక్కలూ అక్కడికే చేరతాయి. కేంద్రాల్లో మనుషుల ముందు ఉండేవి థిన్ క్లయింట్లు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికో తెర, కీబోర్డు. ఆ పెట్టెకు సొంత బుర్ర ఉండదు. సూర్యాపేటలోని సర్వర్ గీసిన బొమ్మను టెలిఫోన్ లైను మీద తెచ్చి చూపించడమే దాని పని. దుమ్ముకీ ఎలుకలకీ కరెంటు కోతలకీ మామూలు కంప్యూటర్లు మూడు నెలలు కూడా బతకని చోట్ల ఇవి బతుకుతాయి. చెడిపోవడానికి వీటిలో ఏమీ ఉండదండీ అని అందరికీ చెప్పేవాళ్లం. అది నిజమే. వాటిలో ఏదీ చెడిపోలేదు.

సగం ఇళ్ల ఊరు

బస్సు దిగగానే కనిపించినవి సగం ఇళ్లు. రోడ్డును వెడల్పు చేస్తున్నారు. అడ్డొచ్చిన ఇళ్లను గీత గీసి కోసినట్టు కోశారు. పై అంతస్తులో ఆకుపచ్చ గోడ, గోడకి ఇంకా వేలాడుతున్న క్యాలెండరు. మెట్లు పైకి వెళ్లి గాలిలో ఆగిపోయాయి. మిగిలిన సగంలో జనం మామూలుగానే ఉన్నారు. ఒకావిడ ముందు గోడ లేని వంటగదిలో కూర్చుని చింతపండు పిసుకుతోంది. నేను చూస్తున్నానని గమనించి కొంగు సర్దుకుంది. సిగ్గుపడి తల తిప్పుకున్నాను. ఆవిడకి తిప్పుకోవడానికి అటువైపు ఇంకేమీ లేదు, రోడ్డే.

పాలకేంద్రం ఇన్‌చార్జి పేరు సైదులు. మా వైపు ఈ పేరు వినం. ఇక్కడ బస్సులో 'సైదులూ' అని పిలిస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. దర్గాకి మొక్కుకుని పుట్టిన పిల్లలకి హిందువుల ఇళ్లలోనూ సైదులనీ సైదమ్మనీ పెట్టుకుంటారట. ఈయనది ఆత్మకూర్ దగ్గర పల్లె. అన్నదమ్ములు ఇప్పటికీ గొర్లు కాస్తారు. ఈయన ఒక్కడే జీతానికి వచ్చాడు.

"ఒక్కరే వచ్చిండ్రా మేడం? మగమనిషి ఎవలు రాలేదా?" అన్నాడు నా వెనక్కి చూస్తూ.

"ఒక్కదాన్నేనండి."

"సరే తియ్యిండ్రి. అన్నం తిని షురు జేద్దాం."

సర్వర్‌కి ఇచ్చిన గది అంతకుముందు నెయ్యి డబ్బాలు పెట్టిన గది. గోడలకి నెయ్యి వాసన పట్టేసింది. ఏసీ వేస్తే ఆ వాసన చల్లగా వచ్చేది. నేను తీగలు కలుపుతుంటే సైదులు కొబ్బరికాయ తెచ్చి గడప మీద కొట్టాడు, సర్వర్‌కి కుంకుమ బొట్టు పెట్టాడు. గాలి పోయే సందుల్లో కుంకుమ పడుతుందేమోనని నా భయం. చేయి అడ్డం పెట్టాను.

"దీని మీదనే మూడు ఊర్ల బర్లు ఆధారపడ్డయ్ మేడం. బొట్టు లేకుంటె ఎట్ల?" అన్నాడు.

మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం. జొన్నరొట్టె, కోడిగుడ్డు పొరటు, అన్నంలోకి పచ్చి పులుసు. మా ఊళ్లో పులుసు అంటే ముక్కలు వేసి మరిగించి బెల్లం వేసేది. ఇక్కడ చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిరపకాయ నలిపి వేస్తారు, పొయ్యి ఎక్కించరు. ఎండకి అది అమృతంలా దిగింది, తర్వాత మిరపకాయ వచ్చి తగిలింది. నాకు కళ్లనీళ్లు వస్తుంటే సైదులు భార్య నవ్వింది. "మీ దిక్కు అన్నిట్ల బెల్లమేస్తరట గద. గందుకే మాటలు గూడ తియ్యగుంటయ్" అంది. అందులో ఎత్తిపొడుపు ఎంతో, ముచ్చట ఎంతో నాకు తెలియలేదు. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో అక్కడ మా యాస వింటే జనం ఒక్క క్షణం ఆగి మాట్లాడేవారు. ఆవిడ మాత్రం ఆగలేదు, ఇంకో రొట్టె వేసింది.

సాయంత్రానికి సూర్యాపేట ట్యాంకు తెర మీదకి వచ్చింది. నాలుగు పాయింట్ రెండు. నాలుగు పాయింట్ ఒకటి. అంకె మారినప్పుడల్లా సైదులు పక్కవాడికి చదివి వినిపించాడు.

కోదాడ: గోడ అవతల రోడ్డు

కోదాడ కేంద్రం సరిగ్గా హైవే పక్కన. ప్రహరీ గోడ అవతలే పొక్లెయిన్లు రోజంతా తవ్వుతున్నాయి. మాట వినపడాలంటే అరవాలి. అక్కడ పని మొత్తం నడిపేది నాగమణి. ముప్పై దాటి ఉంటాయి. డిగ్రీ మధ్యలో ఆపేసిందట. భర్త మఠంపల్లి సిమెంటు లారీ మీద డ్రైవరు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు. కోదాడ మాట సూర్యాపేట మాటలా ఉండదు. ఇక్కడికి కృష్ణా జిల్లా కూతవేటు దూరం. నాగమణి ఒక వాక్యంలో 'ఏంటండి' అని, తర్వాతి వాక్యంలో 'ఎట్లైతది' అంటుంది.

ఇక్కడి ట్యాంకుకి చల్లదనం కొలిచే సాధనం దూర్చడానికి ఉన్నది ఒకటే గొట్టం. అందులో పాత ముల్లు మీటరు ఉంది. కొత్త సెన్సార్ పెట్టాలంటే పాతది తీసేయాలి. ఇంకో రంధ్రం వేద్దామంటే ట్యాంకు గ్యారంటీ పోతుందన్నారు. డెయిరీ యజమానిని అక్కడ అందరూ పెద్దసారు అంటారు. ఆయనకి ఫోన్ చేసి, పాతది కూడా ఉంచేలా వేరే ఏర్పాటు చేయించండి అని అడిగాను.

"టైం ఏడున్నదమ్మా? కంప్యూటర్ సూపిస్తది గద. ఒకటి సాలు" అన్నాడు.

నాగమణి పాత మీటరు విప్పి తుడిచి చేతిలో పట్టుకుని నిలబడింది.

"మరి ఇది తీసేస్తే నేను దేన్ని చూడాలండి?"

"తెరని చూడాలి. లైను తెగితే తెర పైన ఎర్ర గీత వస్తుంది. ఎర్ర గీత వస్తే నమ్మకూడదు, నాకు ఫోన్ చేయాలి."

"ఎర్ర గీత లేకపోతే నిజం. అంతేగా?"

"అంతే" అన్నాను. మా ఆఫీసులో తీగ పీకి చూశాం. పీకిన ప్రతిసారీ ఎర్ర గీత వచ్చింది. ఇక్కడ కూడా ఆమె ముందు పీకి చూపించాను. వచ్చింది. తనూ ఒకసారి పీకి చూసుకుని తల ఊపింది.

లైను మాత్రం ఆ రోజే రెండుసార్లు తెగింది. రోడ్డు తవ్వే వాళ్లకి భూమిలో టెలిఫోన్ కేబుల్ ఎక్కడుందో తెలియదు, తెలిసినా ఆగే తీరిక లేదు. అతికించడానికి వచ్చిన లైన్‌మన్ పేరు జానీ. నల్ల గొడుగు గుంత అంచున గుచ్చి, దాని నీడలో గొంతుక్కూర్చుని వందల రంగు తీగలు జత చేస్తున్నాడు. నేను మంచినీళ్ల సీసా ఇస్తే సగం తాగి, సగం నెత్తిన పోసుకున్నాడు.

"ఎన్నాళ్లయిందండీ ఈ పని?"

"రోడ్డు షురువైన కాడికెల్లి ఇదే. నేను గీడ అతుకు పెట్టి లేసేలోపట గాడ తెంపుతరు మేడం. వాళ్లని తిట్టను. వాళ్లు గూడ పొట్టకే జేస్తున్నరు." ఇంకో తీగ మెలేసి, "లైను నమ్ముకొని ఏదన్న పెట్టకుండ్రి. ఈ రోడ్డు అయిపోయేదాంక" అన్నాడు.

అప్పటికే పెట్టేశాను.

పొద్దు గూకే వేళకి లాడ్జికి వెళ్లాను. కౌంటర్లో అతను నా ఆఫీసు కార్డు రెండు వైపులా తిప్పి చూసి, ఫ్యామిలీ ఎప్పుడొస్తారండి అని అడిగాడు. నేనొక్కదాన్నే అంటే, "ఒంటరి ఆడవాళ్లకి ఇవ్వమండి. మీరని కాదు, ఓనరు తిడతారు" అని కార్డు తిరిగి నా చేతిలో పెట్టాడు. ఇంకో లాడ్జిలోనూ అదే జవాబు. మూడోదానికి వెళ్లే ఓపిక లేక కేంద్రానికే తిరిగి వచ్చాను. నాగమణి తాళం వేస్తోంది. నా సంచీ తీసుకుని ముందు నడిచింది.

వాళ్లది రెండు గదుల ఇల్లు. అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ల గేదె వారం కిందటే ఈనింది. జున్ను పెట్టారు. మా ఇంట్లో బెల్లం, మిరియాలు, యాలకులు దండిగా పడతాయి. ఇక్కడ పంచదార కొంచెం వేసి, పాల రుచే తెలిసేలా వండారు. వాసన చూసి ముక్కు చిట్లించిన హైదరాబాదు స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం చెబుతున్నాను, అది కళ్లు మూసుకుని తినాల్సిన వస్తువు. అత్తగారు నా గిన్నెలో మళ్లీ వేస్తూ, "మా కోడలు కంప్యూటర్ ముందర కూసుంటదంట గదమ్మా ఇగ. చూసి రావాల ఒకసారి" అంది. నాగమణి సిగ్గుపడి, ఊరుకోండత్తా అంది. ఆ సిగ్గులో ఉన్న సంబరం నాకు ఇంకా గుర్తుంది. గుర్తుండకపోతే బాగుండేది.

హుజూర్‌నగర్ మీదుగా

మర్నాడు పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కాను. దారిలో హుజూర్‌నగర్. సిమెంటు లారీలు వరసగా ఎదురొస్తాయి. చెట్లు, గడ్డివాములు, కోడిపిల్లలు అన్నీ ఒకే బూడిద రంగు. హుజూర్‌నగర్ దాటాక ఒక పెద్దామె ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు మల్లమ్మ, ఊరు గరిడేపల్లి. కోడలు మిర్యాలగూడ దవాఖానలో కాన్పయిందని వెళ్తోంది. ఒళ్లో స్టీలు క్యాను, అందులో పాలు.

"ఏం పని జేస్తవ్ బిడ్డా?"

చెప్పడం ఎలాగో తెలియక, "ట్యాంకులో పాలు చల్లగా ఉన్నాయా లేవా అని చూపించే కంప్యూటర్లు పెడతానమ్మా" అన్నాను.

"మా పాలు గూడ కోదాడకే పోతయ్. నాలుగు బర్లు నాయి. పొద్దుగాల వ్యాను వస్తది." క్యాను మూత బిగించి, "పాలు సల్లగున్నయో లేవో గాడున్నోళ్లకు తెల్వదా?" అంది.

"తెలుసు. హైదరాబాదులో కొనేవాళ్లకి కూడా తెలియాలట."

"గాడున్నోళ్లు చెప్తె నమ్మరా?"

"నమ్మరమ్మా."

"మరి నీ డబ్బ చెప్తె నమ్ముతరా?"

నమ్ముతారన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ, "అయితే మంచిదే. నమ్మితె సాలు. పోయిన యేడు వరి ఎండింది. ఇప్పుడు బర్ల మీదనే నడుస్తున్నది ఇల్లు" అంది. ఆ తర్వాత మనవడి గురించి చెప్పింది. పుట్టినవాడు తండ్రి ముక్కు తెచ్చుకున్నాడట, అదొక్కటే ఆమెకి దిగులు. బస్సు దిగేటప్పుడు క్యాను మూతలో కొంచెం పాలు పోసి తాగమంది. పచ్చిపాలు నాకు అలవాటు లేదు. తాగాను.

మిర్యాలగూడ: వడ్లు ఉడికే వాసన

మిర్యాలగూడకి చేరకముందే వాసన వస్తుంది. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడికించే మిల్లులు ఊరి చుట్టూ ఉన్నాయి. ఆవిరి, ఊక పొగ, తడి వడ్ల వాసన కలిసి మెడ చుట్టూ పట్టుకుంటాయి. మా గోదావరి వైపూ మిల్లులున్నాయి, కానీ ఇన్ని ఒక్కచోట చూడలేదు. ఆరేసిన బట్టల మీద నల్లటి ఊక బూడిద. హోటల్లో భోజనం చేస్తే అరిటాకు బదులు ప్లాస్టిక్ కాగితం వేశారు. అన్నం మాత్రం పువ్వులా ఉంది. బియ్యం ఊళ్లో అన్నం బాగుండకపోతే ఎలా అన్నాడు వడ్డించేవాడు. నేను ముప్పావు తిన్నాక ఫ్యాను గాలికి కాగితం లేచి పప్పు నా ఒళ్లో పడింది. ఆ మరకతోనే మిగతా రోజంతా తిరిగాను.

ఇక్కడ పని తేలిగ్గా అయిపోయింది. లైను కొత్త రోడ్డు వైపు పోదు, కాబట్టి తెగదు. మధ్యాహ్నం మూడు కాకముందే తెర మీద మూడు ట్యాంకులూ పక్కపక్కన వచ్చాయి. సూర్యాపేట నాలుగు పాయింట్ మూడు. మిర్యాలగూడ మూడు పాయింట్ తొమ్మిది. కోదాడ నాలుగు. పెద్దసారు స్వయంగా కారులో వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, చెమటకి వీపుకి అతుక్కుని ఉంది. తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చుని మూడు అంకెలూ ఒక్కొక్కటిగా చదువుకున్నాడు.

"ముప్పై ఏండ్లయింది పాల దందా పెట్టి. మూడు కేంద్రాలు ఒక్కసారి సూసుడు ఇదే మొదలు" అన్నాడు. మిఠాయిలు తెప్పించాడు.

హైదరాబాదు కంపెనీ అధికారికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టాను. ఆయన తన ఆఫీసులో అదే తెర తెరిచి చూస్తున్నాడు.

"బాగుందండీ, చాలా బాగుంది. ముఖ్యంగా కోదాడ. సూర్యాపేట కొంచెం పైకీ కిందకీ ఊగుతోంది గానీ, కోదాడ పొద్దుటి నుంచి నాలుగు దగ్గర కదలకుండా ఉంది. అక్కడెవరో గానీ బాగా చూసుకుంటున్నారు."

పెద్దసారు ముఖం వెలిగింది. నా చేతిలో మైసూరుపాకు ముక్క ఉంది. ట్యాంకులోని పాలు ఎప్పుడూ కదలకుండా ఉండవు. కొత్త పాలు పోస్తే వేడెక్కుతాయి, యంత్రం తిరిగితే చల్లబడతాయి. కదలకుండా ఉండేది బొమ్మ మాత్రమే.

నాగమణికి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఆ పొక్లెయిన్ల హోరులో ఎలా వినపడుతుంది? మళ్లీ చేశాను. సైదులుకి చేసి కోదాడ లైను చూడమన్నాను. "ఎర్ర గీత లేదు మేడం. మంచిగనే ఉంది గద" అన్నాడు. పెద్దసారుకి సంగతి చెప్పాను. ఆయన మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టి లేచాడు.

మళ్లీ కోదాడ

పెద్దసారు కారులోనే కోదాడ బయల్దేరాం. పొద్దున మల్లమ్మ పక్కన కూర్చుని చూసిన దారి, వెనక్కి వెళ్తుంటే ఏదీ గుర్తుపట్టలేకపోయాను.

మేము చేరేసరికి ట్యాంకర్ లారీ గేటు బయట ఇంజను ఆపి ఉంది. డ్రైవరు చిన్న గిన్నెలో పాలు కాచి చూశాడట. విరిగాయి. ఇంకోసారి కాచాడట. మళ్లీ విరిగాయి. ఎక్కించుకోనని చెప్పి పక్కకి కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

జరిగింది ఇదీ. పొద్దున పదింటప్పుడు ఓల్టేజి పడిపోయి, చల్లబరిచే యంత్రం ఆగిపోయింది. మామూలుగా అయితే దాని చప్పుడు ఆగినట్టు తెలిసిపోతుంది. గోడ అవతల తవ్వే చప్పుడులో ఎవరికీ తెలియలేదు. సరిగ్గా దానికి ముందే కేబుల్ మీద పొక్లెయిన్ పన్ను పడింది. పూర్తిగా తెగి ఉంటే ఎర్ర గీత వచ్చేది. తెగలేదు, నలిగింది. లోపల కొన్ని తీగలు ఒకదానికొకటి తగిలీ తగలకుండా ఉన్నాయి. లైను చావలేదు, బతకలేదు. సర్వర్ తనకి ఇంకా సంబంధం ఉందనే అనుకుంది. చివరిసారి వచ్చిన అంకెను పట్టుకుని కూర్చుంది. నాగమణి ముందున్న పెట్టె చివరిసారి వచ్చిన బొమ్మను పట్టుకుని కూర్చుంది. నాలుగు డిగ్రీలు. ఎండ నలభై దాటి ఉంటుంది.

పాలు వదిలేస్తున్నారు. ట్యాంకు కింది గొట్టం తిప్పితే, కాలువలోంచి గోడ కింద నుంచి రోడ్డు కోసం తవ్విన గుంతలోకి పోతున్నాయి. ఆ గుంతలోనే జానీ ఉన్నాడు. తెల్లటి పాలు తన కాళ్ల దగ్గరికి వస్తుంటే, కేబుల్ రెండు కొసలూ చేతుల్లో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు.

నాగమణి మెట్టు మీద కూర్చుని ఉంది. పెద్దసారు కారు దిగి ఆమె ముందుకి వెళ్లాడు.

"కండ్ల ముంగట పెట్టిస్తె గూడ సూస్కోవా?"

"చూస్తూనే ఉన్నా సార్." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పొద్దుటి నుంచి అన్నానికి కూడ లేవలేదు. నాలుగే ఉంది. ఎర్ర గీత రాలేదు."

"ఆమె తప్పు లేదండీ" అన్నాను నేను. "ఆమె నేను చెప్పినట్టే చేసింది. తెర అబద్ధం చూపించింది."

పెద్దసారు నా వైపు తిరిగాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే నయమనిపించేది.

"అబద్ధం చెప్పే మనిషైతె తీసేస్త. దీన్నేం జెయ్యాలమ్మా?" అన్నాడు.

పాలు అయిపోయేదాకా అందరం అక్కడే నిలబడ్డాం. ఎక్కువసేపే పట్టింది. సాయంత్రం పాలు తెచ్చిన వ్యాను డ్రైవరు ఊళ్లలో ఏం చెప్పమంటారని అడిగాడు. ఆ రోజు నాగమణి ఇంటికి వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. బస్టాండులో కూర్చుంటానంటే ఆమె వినలేదు. అత్తగారు అన్నం పెట్టింది. కంప్యూటర్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

సూర్యాపేట: ఖాళీ ట్యాంకులు

జానీ మర్నాడంతా పనిచేశాడు. తవ్వే చోటుని వదిలేసి, కరెంటు స్తంభాల మీదుగా పైనుంచి కొత్త తీగ లాగాడు. ఇది ఎవరూ తెంపలేరు మేడం అన్నాడు. నేను సూర్యాపేట వెళ్లి సర్వర్‌లో మార్పులు చేశాను. అంకె కాసేపు కదలకపోతే చాలు, ఎర్ర గీత పడుతుంది, గంట మోగుతుంది. అక్కడ జానీ, ఇక్కడ నేను ఫోన్లో మాట్లాడుకుంటూ తీగను పీకి చూశాం, నలిపి చూశాం, తడిపి చూశాం. ప్రతిసారీ మోగింది. కోదాడలో కొత్త పాలు పోయగానే తెర మీద అంకె పెరగడం, మళ్లీ తగ్గడం సూర్యాపేటలో కూర్చుని చూశాను. అనుకున్నట్టుగా మొత్తం పనిచేసిన రోజు అదొక్కటే.

సాయంత్రం హైదరాబాదు అధికారి ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మీరు సరిచేశారని నమ్ముతానండీ. కానీ మా తెర మీద నాలుగు ఉన్నప్పుడు అక్కడ పాలు విరిగాయి. ఇక రేపు మా తెర మీద నాలుగు కనిపిస్తే మా వాళ్లు ఏమనుకోవాలి? పైనుంచి నిర్ణయం అయిపోయింది. రేపటి నుంచి లారీ రాదు."

ఏం మార్చానో వివరించబోయాను. ఆయన విన్నాడు, పూర్తిగా విన్నాడు. అయిపోయాక, సారీ అండీ అన్నాడు.

లారీ రాదని అందరికీ చెప్పారు. అయినా పొద్దున పాలు వచ్చాయి. ఆత్మకూర్ నుంచి బండ్లకి క్యాన్లు కట్టుకుని, ఆటోల్లో, కొందరు నెత్తిన బిందెలతో. సైదులు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెప్పాడు. అందులో సగం మంది వాళ్ల ఊరివాళ్లే, చుట్టాలే.

"పితకకుండ ఎట్లుంటం సైదులు? పొదుగులు పగుల్తయ్" అంది ఒకామె.

"నాకు తెల్వదా వదినె" అన్నాడు. "హోటళ్లల్ల అడుగుండ్రి. ఇండ్లల్ల అడుగుండ్రి. నేనేం జెయ్యాలె."

కొందరు తిరిగి వెళ్లారు. కొందరు రోడ్డు మీదకి వెళ్లి బస్సు ఆగే హోటళ్ల ముందు క్యాన్లు దించుకుని నిలబడ్డారు. ఎండెక్కాక వాళ్లూ వెళ్లిపోయారు.

నెయ్యి వాసన గదిలో సామాను సర్దుకున్నాను. తెర మీద మూడు ట్యాంకులూ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తున్నాయి. మూడు చోట్లా అంకె మెల్లమెల్లగా పైకి ఎక్కుతోంది, బయటి ఎండని అందుకోవడానికి. సర్వర్ ఆపేయనా అని సైదులుని అడిగాను.

"నడవనియ్యిండ్రి మేడం. పెద్దసారు ఇంకెవలన్న కొంటరేమో అని తిరుగుతున్నడు. ఎవలన్న వస్తె సూపియ్యాలె గద."

బస్టాండు దాకా వచ్చి నన్ను బస్సెక్కించాడు. కండక్టరుకి, మేడం మనోళ్లే, మంచి సీటియ్యి అని చెప్పాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగాను.

నార్కట్‌పల్లి దగ్గర ఫోన్ మోగింది. నాగమణి.

"వెళ్లిపోయారంట గదండి."

"అవును నాగమణీ. చెప్పి రావలసింది."

"పర్లేదండి. పొద్దున్నే కేంద్రానికి వచ్చి కూర్చున్నా. సార్ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. తెర మీద ముప్పై ఎనిమిది చూపిస్తంది." కుర్చీ జరుపుకున్న చప్పుడైంది. "ఇది నిజమేనా మేడం, మళ్లీ ఆగిపోయిందా?"

"నిజమే" అన్నాను.

"ఖాళీయేగా ట్యాంకు. అంతే ఉంటది" అంది. "అయితే తాళం వేసి ఇంటికి పోతా."

సరే అన్నాను. ఆమె ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. అటువైపు గోడ అవతల రోడ్డు తవ్వుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.